సిగరెట్ తాగేవాళ్లకు ఆస్తమా: ఇన్‌హేలర్‌కు తోడు ఏ మందు?

షాద్‌నగర్ నుంచి ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, నాకు ఆస్తమా. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రోజూ వాడుతున్న. సిగరెట్ మాత్రం మానలేకపోతున్న. ఆయాసం తగ్గుతలేదు. ఇంకో గోలీ కలిపితే తగ్గుతదా?"

మెడికల్ షాపుకు పోయే ముందు ఇది వినండి.

పొగ తాగేవాళ్లలో స్టెరాయిడ్ ఇన్‌హేలర్ సరిగ్గా పనిచేయదు. పొగ వల్ల శ్వాసనాళాల్లో వచ్చే వాపు రకమే మారిపోతుంది. స్టెరాయిడ్ ఆ రకం వాపును అంతగా తగ్గించలేదు. అయినా ఇన్‌హేలర్ ఆపొద్దు. దానికి తోడుగా డాక్టర్లు ఆలోచించే మందులు ముఖ్యంగా మూడు.

ఒకటి, మాంటెలుకాస్ట్. రాత్రి వేసుకునే గోలీ. 2007లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, తేలికపాటి ఆస్తమా ఉండి పొగ తాగేవాళ్లకు దీనివల్ల కొంత మేలు కనిపించింది. కానీ కొందరిలో పీడకలలు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2020లో అమెరికా ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక పెట్టింది. మనసులో తేడా అనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.

రెండు, టయోట్రోపియం. ఇది పీల్చే మందు. బిగుసుకున్న శ్వాసనాళాలను వదులు చేస్తుంది. నోరు ఎండిపోవడం దీనితో మామూలే.

మూడు, థియోఫిలిన్. మన దగ్గర డెరిఫిలిన్ అంటే అందరికీ తెలుసు, అందులో ఇది కూడా ఉంటుంది. తక్కువ డోసులో ఇది స్టెరాయిడ్‌కు సాయపడొచ్చని 2009లో స్కాట్లాండ్‌లో ఒక చిన్న అధ్యయనం చూపించింది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పొగ తాగేవాళ్ల లివర్ ఈ మందును తొందరగా ఖర్చు చేసేస్తుంది. సిగరెట్ మానేసిన రోజుల్లోనే ఆ వేగం తగ్గిపోతుంది. అదే డోసు వేసుకుంటూ పోతే మందు ఒంట్లో పేరుకుంటుంది. వాంతులు, గుండె దడ, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే సిగరెట్ మానే ముందే డాక్టర్‌కు చెప్పి డోసు మార్పించుకోవాలి. బీడీ అయినా ఇదే లెక్క.

మరి మూడింట్లో ఏది గొప్ప? అందరికీ ఒకటే అని చెప్పలేం. మీ పరీక్షలు చూసి డాక్టరే తేల్చాలి. కానీ ఏ గోలీ కలిపినా, పొగ తాగుతున్నంత కాలం అది సగం దారే. మానేసినవాళ్లలో 6 వారాలకే ఊపిరితిత్తుల పనితీరు మెరుగైనట్టు 2006లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది.

ఎట్ల మానాలి అంటారా? సిగరెట్ ప్యాకెట్ మీదే నంబర్ ఉంది చూడండి: 1800-11-2356. ఫ్రీ కాల్. ఫోన్ చేతిలోనే ఉంది కదా, ఇప్పుడే సేవ్ చేసుకోండి.

మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా గోలీల కోసం చూడకండి, 108కి ఫోన్ చేయండి.