ఏటవాలు చేలలో డ్రిప్పు వేరుశనగ: సమంగా పండిన సరుకుకు గిరాకీ దక్కాలి

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల వేరుశనగ రాబడులను అంచనా వేసే వర్తకులు వాన లెక్కతో పాటు డ్రిప్పు పైపుల సంగతి కూడా విచారించడం మేలు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వర్షం పడే ఈ ప్రాంతంలో ఎర్ర గరప నేలలు అనేకచోట్ల వాలుగా ఉంటాయి. మట్టి పొర పలుచన. ఊడలు దిగి కాయ ఊరే ఆగస్టు, సెప్టెంబరు నెలలలో బెట్ట వస్తే ఖరీఫ్ పంట దెబ్బతింటుంది.

బోరు ఉన్న రైతు కాలువ తీసి నీరు పారించినా వాలు చేనుకు చిక్కే. మిట్ట సరిగా తడవక ముందే నీరు మట్టిని కోసుకుంటూ పల్లానికి జారుతుంది. మిట్టన గింజ ముడుచుకుపోతుంది, పల్లాన నీరు నిలిచి కాయ కుళ్లుతుంది. రెండూ ఒకే రాశిగా యార్డుకు చేరుతాయి.

వాలుకు తగిన అమరిక

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నవంబరులో సూక్ష్మ సేద్య పథకం మొదలై, రాయితీపై డ్రిప్పు పరికరాలు గ్రామాలకు చేరాయి. అయితే పైపులు పరచినంత మాత్రాన నీరు సమంగా అందదు. ప్రతి మీటరు పల్లానికి చదరపు సెంటీమీటరుకు 0.1 కిలో చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. ఒక కిలో ఒత్తిడితో నడిచే సాధారణ డ్రిప్పర్లున్న చేను 5 మీటర్లు వాలితే, అడుగున ఉన్న డ్రిప్పరు సుమారు ఐదో వంతు ఎక్కువ నీరు వదులుతుంది. అందుచేత సన్న పైపులను వాలుకు అడ్డంగా పరచాలి. చేనును భాగాలు చేసి వేర్వేరు వాల్వులు పెట్టాలి, లేదా ఒత్తిడి మారినా నీరు సమంగా వదిలే డ్రిప్పర్లు వాడాలి.

పైపుల మధ్య ఎడం కూడా ముఖ్యమే. కాయ తనకు కావలసిన కాల్షియంను చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా తీసుకుంటుంది. వేరుకు తడి అంది, ఊడ దిగిన చోటు ఎండితే, జిప్సం వేసినా గింజ పట్టని కాయలు మిగులుతాయి.

మిల్లులో తేలే తేడా

ఒక రాశిలో క్వింటాలు కాయకు 70 కిలోలు, మరొక రాశిలో 62 కిలోలు గింజ దిగిందనుకుంటే, తేడా 8 కిలోలు. పైకి రెండు రాశులూ ఒకేలా కనిపించవచ్చు. కొన్నవానికి నష్టం మిల్లులో గాని తెలియదు.

ఎగుమతిదార్లకు ఇంతకంటే పెద్ద చిక్కు అఫ్లాటాక్సిన్. కోతకు ముందు చివరి వారాలలో బెట్ట తగిలి నేల వేడెక్కితే బూజు కాయలోకి చొరబడుతుంది. నేరుగా తినే వేరుశనగ గింజలలో మొత్తం అఫ్లాటాక్సిన్లు కిలోకు 4 మైక్రోగ్రాములు మించరాదని ఐరోపా సమాజపు నిబంధన. ఆ వారాలలో డ్రిప్పుతో తగు మోతాదులో తడి ఇస్తే ఈ ముప్పు తగ్గుతుంది. అయితే కోసిన కాయను సరిగా ఆరబెట్టకుంటే ఆ ఫలితం కల్లంలోనే పోతుంది.

ధర ఎవరు కట్టాలి?

2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. సమంగా పండిన సరుకుకు అందులో ప్రత్యేకంగా పైధర లేదు. అది వర్తకులే ఇవ్వాలి. పైపులు, ఫిల్టర్లు, కరెంటు మోటారు ఖర్చులు భరించిన రైతుకు కలగలుపు రాశి ధరే దక్కితే, వచ్చే కారుకు అవే పైపులు టమాటాకు మళ్లుతాయి. మిల్లులు మళ్లీ ముడుత గింజతోనే సరిపెట్టుకోవలసి వస్తుంది.

కనుక కమీషన్ ఏజెంట్లు డ్రిప్పు సరుకును విడిరాశిగా పోయించి, నమూనా ఒలిచి, గింజ తూచి, తేమ చూసి ధర కట్టడం ఉభయులకూ లాభసాటి.