హంతకుడికి ఏ ముఖం గీయాలి?

చందమామ చదివి పెరిగినవాళ్ళకి రాక్షసుణ్ణి గుర్తుపట్టడం కష్టం కాదు. కొమ్ములుంటాయి, కోరలుంటాయి, గుడ్లురిమి చూస్తుంటాడు. 1947 జూలైలో ఆ పత్రికను ప్రారంభించిన ఇద్దరిలో చక్రపాణి తెనాలి వాడు. దాన్ని ఏళ్ళ తరబడి తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావూ తెనాలి వాడే. డిటెక్టివ్ యుగంధర్‌ని, అసిస్టెంట్ రాజుని సృష్టించిన కొమ్మూరి సాంబశివరావు పుట్టిందీ తెనాలిలోనే. బొమ్మల కథకీ అపరాధ పరిశోధనకీ ఇంత చేసిన ఊరి చుట్టుపక్కల, ఈ రెండూ కలిసిన పుస్తకం ఒకటి వస్తే హంతకుణ్ణి ఎలా చూపించాలన్నది ఇక్కడ ప్రశ్న.

డిటెక్టివ్ నవలలో హంతకుడి ముఖం చివరి పేజీల దాకా కనిపించదు. పాఠకుడు ఉండేది యుగంధర్ బుర్రలో. ఆఖర్న హంతకుడికి ఒక పేరా దక్కుతుంది: ఆస్తి, అసూయ, లేదా పాత పగ. బేడీలు పడతాయి, మిగతా లోకమంతా నిర్దోషిగా ఇంటికి పోతుంది. కొమ్మూరిని తక్కువ చెయ్యడానికి ఈ మాట అనడం లేదు. వేలమందికి చదివే అలవాటు చేసిన రచయిత ఆయన. ఆ ప్రక్రియ పాఠకుడితో చేసుకున్న ఒప్పందమే అది. నేరమంటే ఒక్కడి మచ్చ, దాన్ని తుడిచేస్తే సరిపోతుంది!

ఈ ఒప్పందాన్ని కావాలని ఉల్లంఘించిన బొమ్మల నవల ఒకటి ఇంగ్లీషులో ఉంది. అలన్ మూర్ రాయగా ఎడ్డీ కాంప్‌బెల్ గీసిన ‘ఫ్రం హెల్’. 1989లో సీరియల్‌గా మొదలై పదేళ్ళకు పుస్తకంగా వచ్చింది. 1888లో లండన్ వైట్‌చాపెల్ పేటలో పేద స్త్రీలను వరసగా చంపి, ఎవరికీ దొరక్కుండా పోయిన ‘జాక్ ది రిప్పర్’ కథ అది. మూర్ హంతకుణ్ణి దాచడు. రాణిగారి వైద్యుడు సర్ విలియం గల్ అని ముందే చూపించేస్తాడు. ఇది 1976లో స్టీఫెన్ నైట్ ప్రచారం చేసిన ఊహ. చరిత్రగా నిలవదు, మూర్ కూడా దాన్ని చరిత్రగా నమ్మమనలేదు. ఎవరు అన్న ప్రశ్నను పక్కకి నెట్టి, ఎలాంటి సమాజంలో ఇది సాధ్యమైంది అన్న ప్రశ్నను ముందుకు తేవడానికి దాన్ని వాడుకున్నాడు.

కాంప్‌బెల్ కలం గీసిన గల్‌కి కోరల్లేవు. మర్యాదస్తుడు, చదువరి, పెద్దమనిషి. నాలుగో అధ్యాయంలో బండి తోలే నెట్లీని వెంటబెట్టుకుని లండనంతా తిరుగుతూ తన తత్త్వం చెబుతాడు. స్త్రీని అణచి ఉంచడమే నాగరికత అని అతని నమ్మకం. చంపబోయే చేతికి చదువు కూడా తోడైంది. అటు ఆ స్త్రీలకు రాత్రి పడక దొరకాలంటే నాలుగు పెన్నీలు కావాలి. అవి లేకే వాళ్ళు వీధిలో ఉన్నారు. ఈ రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టగలగడమే కామిక్ ప్రక్రియకున్న బలం.

అయినా నాకో అభ్యంతరం ఉంది. గల్ మాటలు పేజీలకు పేజీలు సాగుతుంటే పాఠకుడు తెలియకుండానే అతని మేధకు ఆశ్చర్యపోతాడు. హంతకుడి మనసులోకి వెళ్ళే ప్రతి రచనకూ ఉన్న గండమిది. లోపలికి వెళ్ళినవాడికి చంపేవాడు పెద్దగానూ, చచ్చినవాళ్ళు చిన్నగానూ కనిపించడం మొదలవుతుంది.

ఇక మన దగ్గరికి రండి. తెనాలిలో బాపట్ల వైపు బండెక్కితే దారిలోనే చుండూరు స్టేషను. 1991లో అక్కడి సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులోని అగ్రకులస్థుడికి తగిలింది. గొడవ ముదిరి ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని వేటాడి చంపారు. కొందరి శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. అంతకు ఆరేళ్ళ ముందు, 1985 జూలై 17న, కారంచేడులో తాగునీటి చెరువును మురికి చెయ్యొద్దన్నందుకు మొదలైన తగాదా ఆరుగురు దళితుల ప్రాణాలు తీసింది. ఈ రెండు ఊళ్ళూ 2022లో ఏర్పడ్డ బాపట్ల జిల్లాలోవే.

ఇక్కడ యుగంధర్‌కి పనేముంది? వేలిముద్ర వెతకాల్సిన రహస్యమేమీ లేదు. ‘హంతకుడి మనస్సు’ అని ఏకవచనంలో రాయడమే కుదరదు. సినిమాహాల్లో కాలు తగిలిన ఆ క్షణాన్ని బొమ్మగా గీస్తే, ఆ తల మీద పెట్టే బుడగలో ‘వీడికెంత పొగరు!’ అన్న మాట పడుతుంది. ఆ మాట అతను ఒంటరిగా పుట్టించుకున్నది కాదు. అదే బుడగని అరుగు మీద కూర్చున్న యాభై తలల మీద పెట్టినా అక్షరం మార్చనక్కర్లేదు. పొలం, కూలి, కులం కలిసి నేర్పిన మాట అది. దాన్ని మనోవ్యాధి అంటే డాక్టరు చూసుకుంటాడు, మనం నిశ్చింతగా ఉండొచ్చు.

మన చిత్రకారుడికి అసలు కష్టం ఇక్కడే. ఆ యాభై ముఖాలకీ కోరలు గీస్తే అబద్ధం. పొద్దున్నే పాలు పితికి, పిల్లల్ని బడికి పంపిన మనుషులుగా గీస్తే నిజమే. కానీ ఆ మామూలుతనమే క్షమాపణలా చదవబడే ప్రమాదముంది. మూర్‌కి ఎదురైన గండమే వేరే రూపంలో ఇక్కడా ఎదురవుతుంది.

చుండూరు కేసు విచారణకు ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నిటినీ కొట్టేసింది. డిటెక్టివ్ నవలలో చివరి పేజీ ఉండాల్సిన చోట ఇక్కడ ఖాళీ ఉంది. బొమ్మల పుస్తకం ఎవరైనా మొదలుపెడితే, అరుగు మీది తలల కన్నా ముందు, ఆ ఊరి కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పిన మాలపల్లె మనుషుల ముఖాలతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం.