రోలు తిరిగింది, పొత్రం నిలిచింది

ఆగస్టులో ఒకరోజు మా తొమ్మిదో తరగతి పిల్ల పుట్టినరోజని టిఫిన్ డబ్బాలో చాక్లెట్ కప్‌కేకులు తెచ్చింది. ఓవెన్లో చేసినవి కావు. కుక్కరు అడుగున ఉప్పు పరిచి, గాస్కెట్టూ విజిలూ తీసేసి, చిన్న స్టీలు గిన్నెల్లో పిండి పోసి కాల్చినవి. మధ్యలో కొట్లో కొన్న చాక్లెట్ బారు ముక్కలు, పైన వెన్నలో పంచదార గిలక్కొట్టి పెట్టిన ఫ్రాస్టింగ్. కోటిపల్లి వైపు నుంచి ఎండలో సైకిలు మీద కె.గంగవరం చేరేసరికి ఆ ఫ్రాస్టింగ్ సగం డబ్బా మూతకే అంటుకుపోయింది. అయినా ఎవరూ వదల్లేదు, మూత కూడా నాకేశారు.

తిన్నాక అసలు సంగతి మొదలుపెట్టింది.

"మాస్టారూ, ముక్కలేమో నున్నగా కరిగిపోతన్నాయండి. ఫ్రాస్టింగ్ మాత్రం ఇసకలా తగుల్తోందండి. మా తాతగారి తోటలో కోకో గింజలుంటే వేయించి, పొట్టు తీసి, పంచదారేసి మిక్సీలో కొట్టానండి. అదీ ఇసకేనండి. ఎంతసేపు కొట్టినా ఇసకే. ఎందుకండి?"

తాతగారి తోట గోదావరికి అవతల, ముక్తేశ్వరం దాటాక. కోనసీమలో కొబ్బరి నీడన కోకో ఉండడం ఎవరికీ వింత కాదు. కొమ్మలకే కాకుండా మానుకూ కాసే ఆ కాయల్ని మా పిల్లలు నడక వచ్చినప్పటి నుంచీ చూస్తున్నారు. కాయ కొట్టడం, గుజ్జుతో ఉన్న గింజల్ని ఐదారు రోజులు పులియబెట్టడం, ఎండబెట్టడం, అన్నీ తెలుసు. బస్తా మూతి కట్టాక ఏమవుతుందో మాత్రం తెలీదు. బస్తా వెళ్ళిపోతుంది, కొన్నాళ్ళకి కొట్లోకి రంగు కాగితంలో బారు వస్తుంది. ఆ రెంటికీ మధ్య ఏముందని అడిగిందా పిల్ల. నాకు జవాబు తెలుసుననే అనుకున్నాను. బోర్డు దగ్గరికి వెళ్ళి సుద్దముక్క తీశాక తెలిసింది, తెలీదని.

జవాబు మా వంటింట్లో, ఇడ్లీ పిండి రుబ్బే వెట్ గ్రైండర్లో ఉంది.

గ్రైండరు ముందు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. రుబ్బురోలు మీకు తెలిసిందే. రోలు కదలదు, పొత్రం తిరుగుతుంది, పొత్రాన్ని తిప్పేది అమ్మ చెయ్యి. 1955లో కోయంబత్తూరులో పి. సభాపతి అనే ఆయన దీనికి మోటారు తగిలించారు. తిరిగే పొత్రాన్ని నిలబెట్టి, నిలబడ్డ రోలును తిప్పడమే ఈ యంత్రంలో తెలివి. ఈ తారుమారు లేకపోతే మోటారు పైన వేలాడాలి, చెయ్యి గుండ్రంగా తిప్పే తిప్పుడంతా ఇనుముతో చేయించాలి. రోలును తిప్పితే మోటారు కింద దాక్కుంటుంది, పొత్రాన్ని ఒక కడ్డీకి బిగించి వదిలేస్తే చాలు. కింద నేల తిరుగుతుంటే ఆ రాపిడికి తనే దొర్లుతుంది. తర్వాత పెద్ద గ్రైండరు కాస్తా వంటింటి బల్ల మీదికి చిన్నదై వచ్చింది. స్టీలు డ్రమ్ము, అడుగున నల్లరాయి, దాని మీద రెండో మూడో రాతి రోలర్లు. కోయంబత్తూరు వెట్ గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చరిత్ర ఇంతటితో చాలు.

నన్ను పట్టుకున్నది ఆ రోలరు. క్రిస్మస్ సెలవుల్లో డ్రమ్ము విప్పి, స్కేలు పెట్టి కొలిచాను. మా గ్రైండర్లో రోలరు స్తూపాకారం, అంటే రెండు చివరలా ఒకే లావు. లోపలి అంచు డ్రమ్ము మధ్య నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో, బయటి అంచు 8 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. డ్రమ్ము ఒక చుట్టు తిరిగితే లోపలి అంచు కింద సుమారు 19 సెంటీమీటర్ల నేల నడుస్తుంది, బయటి అంచు కింద 50. రోలరు మాత్రం ఒకటే రాయి. రెండు చివరలా ఒకే వేగంతో దొర్లక తప్పదు. బయట ఎక్కువా లోపల తక్కువా దొర్లడం దాని వల్ల కాదు.

కళ్ళంలో ఎడ్లను తిప్పడం చూసిన వాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మధ్య గుంజకు కట్టి ఐదారు ఎడ్లను వరసగా తోలితే, గుంజ పక్కనున్నది ఉన్నచోటే కాళ్ళాడిస్తుంది, చివరిది పరుగెత్తాలి. ఎడ్లు వేటికవే గనక సర్దుకుంటాయి. వాటన్నిటినీ ఒకే దుంగకు బిగించి, అందరూ ఒకే అంగ వేయండని శాసిస్తే? మధ్యలో ఒక ఎద్దు తిన్నగా నడుస్తుంది. లోపలివి వెనక్కి కాళ్ళీడుస్తాయి, బయటివి ముందుకు జారతాయి. రోలరు పని సరిగ్గా ఇదే. మధ్యన ఒక్క గీత మీద మాత్రం సవ్యంగా దొర్లుతుంది. మిగతా చోటల్లా దొర్లుతూనే జారుతుంది. రెండు అంచుల్లోనూ ఒక్కో చుట్టుకు 15 సెంటీమీటర్ల పైచిలుకు జారుడు.

బండి చక్రానికి ఇలాంటి జారుడుంటే దాన్ని చేసిన వడ్రంగిని తిడతాం. గ్రైండర్లో దానికోసమే డబ్బులిస్తున్నాం. దొర్లడం వల్ల గింజ చితుకుతుంది, అంతే. జారడం వల్ల నలుగుతుంది. రాయికీ రాయికీ మధ్య చిక్కిన పలుకును ఒక రాయి ఇటు, ఇంకో రాయి అటు లాగుతాయి. అరచేతిలో విభూతి పండు పెట్టి రెండో అరచేత్తో నొక్కితే బిళ్ళవుతుంది, రుద్దితేనే పొడవుతుంది. ఇదీ అంతే.

మిక్సీ దగ్గర ఈ కిటుకు లేదు. మిక్సీకీ గ్రైండరుకీ మన ఇళ్ళల్లో ఉన్న పోటీ అత్తాకోడళ్ళ పోటీ అంత పాతది. 1963లో సత్యప్రకాశ్ మాథుర్ సుమీత్ మిక్సీతో రాయిని అటకెక్కించాననే అనుకుని ఉంటారు. మిక్సీ కత్తి నిమిషానికి 18,000 చుట్లు కొడుతుంది, గ్రైండరు డ్రమ్ము 150కి అటూ ఇటూ. వేగంలో పోలికే లేదు. అయితే కత్తి కొట్టాలంటే పలుకు కత్తికి ఎదురు నిలవాలి. పలుకు పెద్దగా ఉన్నంతసేపు నిలుస్తుంది, దెబ్బ తింటుంది. బాగా చిన్నదయ్యాక చుట్టూ ఉన్న ద్రవంతోపాటు కత్తి పక్క నుంచి తప్పుకుపోతుంది. కత్తి ఎంత విసురుగా తిరిగితే అంత విసురుగా తప్పుకుంటుంది. కోకో గింజలో సగానికి పైగా కొవ్వే కాబట్టి మిక్సీలో కాసేపటికే ముద్ద వేడెక్కి జారుడవుతుంది, ఇక పలుకులు హాయిగా ఈదుతాయి. మా పిల్ల గంటసేపు కొట్టినా ఇసక ఇసకలాగే ఉండడానికి కారణం అది. రాయి అలా తప్పించుకోనివ్వదు. రోలరూ నేలా కలిసే చోట సందు ముందు వెడల్పుగా ఉండి సన్నబడుతూ పోతుంది. స్ప్రింగు పైనుంచి అదుముతుంటుంది. అందులో పడ్డ పలుకు లోపలికి పోవాల్సిందే, నలగాల్సిందే.

ఎంత సన్నగా నలగాలి? మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాను. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. నాలుక 30 మైక్రాన్లు దాటిన నలుసును ఇట్టే పట్టేస్తుంది, 20 దగ్గరికొస్తే పట్టుకోలేదు, 'నున్నగా ఉంది' అంటుంది. అర మిల్లీమీటరు పంచదార పలుకును 20 మైక్రాన్లకు దించాలంటే పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కోటీ 25 వంతులవ్వాలి. 25ను మూడుసార్లు హెచ్చవేస్తే ఒక్క పలుకు 15,625 ముక్కలవ్వాలన్నమాట. అందుకే గంటల్లో తెమిలే పని కాదు, 48 గంటలు తిప్పాలి. నిమిషానికి 150 చొప్పున 4,32,000 చుట్లు. బయటి అంచులో ఒక్కో చుట్టుకు జారిన 15 సెంటీమీటర్ల పైచిలుకూ కూడితే 67 కిలోమీటర్లు దాటింది. కోటిపల్లి నుంచి కాకినాడకు రైలు దారి 45 కిలోమీటర్లు. ఆ దారంతా వెళ్ళి, సగం దూరం వెనక్కి కూడా వచ్చిందన్నమాట మా వంటింటి రాయి, బల్ల దిగకుండానే.

లెక్క తేలాక చేసి చూడకుండా ఉండలేకపోయాను. ఆ పిల్ల తాతగారే రెండు కిలోల ఎండు గింజలు పంపారు. "ఇడ్లీ పిండి రుబ్బేదాంట్లో ఇవేం పిదపబుద్ధులురా" అని మా అమ్మ గొణుగుతూనే గింజల పొట్టు చెరిగి ఇచ్చింది. పొట్టు చెరగడం మా అమ్మకు మించి ఏ యంత్రానికీ రాదు.

మొదటిసారి పాడుచేశాను. డ్రమ్ము కడిగి సరిగ్గా తుడవలేదు. రోలరు కింద చెంచాడు నీళ్ళు మిగిలాయి. గంటన్నరలో చక్కగా కారుతున్న ముద్ద ఉన్నట్టుండి బంకమన్నులా బిగుసుకుపోయింది. పేరేమో వెట్ గ్రైండరు, చాక్లెట్ దగ్గరికొచ్చేసరికి చుక్క తడి తగలకూడదు! చాక్లెట్ అంటే కొవ్వులో తేలుతున్న పంచదార, కోకో నలుసులు. అందులో చుక్క నీళ్ళు పడితే పంచదార నలుసుల ఒళ్ళు తడిసి పాకమవుతుంది, పాకం నలుసుల్ని ఒకదానికొకటి అతికిస్తుంది. కొంచెం నీళ్ళయితేనే ఈ తంటా. ఇంకా బోలెడు పోస్తే పంచదారంతా కరిగి మళ్ళీ జారుతుంది. అమ్మ అదే చేసింది, వేడి పాలు పోసి కలిపేసింది. ఇల్లంతా రెండ్రోజులు అదే తాగాం.

రెండోసారి ఎండలో ఆరబెట్టిన డ్రమ్ముతో మొదలుపెట్టాను. మొదటి రోజు ఇంటినిండా పుల్లటి వాసన. పులియబెట్టినప్పుడు గింజలో చేరిన ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్లో ఉండేదే, ఆ వేడికీ గాలికీ మెల్లగా ఎగిరిపోతోంది. మూత కాస్త తెరిచి ఉంచాలని అప్పుడు అర్థమైంది. రెండో రాత్రి కరెంటు పోయింది. డిసెంబరు చలి. తెల్లవారేసరికి రోలర్లు చాక్లెట్‌లో పాతిన గుంజల్లా బిగుసుకున్నాయి. అలాగే స్విచ్చి వేసి ఉంటే బెల్టో మోటారో పోయేది. మా ఆవిడ హెయిర్ డ్రయ్యరుతో ముప్పావు గంట రాయికి వేడిగాలి కొట్టాను. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన ఒంటి వేడికి మూడు గీతలు తక్కువ. చేతిలో గట్టిగా ఉన్న బారు నోట్లో పడగానే లొంగిపోయేది ఆ కాస్త తేడా వల్లే.

ఇంతకీ ఈ పిదపబుద్ధి నా ఒక్కడిదే కాదు. అమెరికాలోని ఓరెగాన్‌లో జాన్ నాన్సీ అనే రసాయనశాస్త్రవేత్త ఇంట్లో చాక్లెట్ చేసుకోవాలని 2000ల తొలి ఏళ్ళలో దొరికిన యంత్రమల్లా తిప్పి చూశాడు. చివరికి ఇడ్లీపిండి కోసం మనవాళ్ళు అక్కడికి తెప్పించుకునే శాంతా గ్రైండరు పనికొచ్చింది. జార్జియా రాష్ట్రంలో ఇలాంటి గ్రైండర్లు అమ్ముతున్న ఆండాళ్ బాలు దంపతులు చాక్లెట్ చేసేవాళ్ళ కోసమే కోకోటౌన్ పేరుతో యంత్రాలు చేయించడం మొదలుపెట్టారు. పిండికి అరగంట తిరిగే మోటారు చాక్లెట్‌కు రోజుల తరబడి తిరగాలి మరి. ఇవాళ ప్రపంచంలో గింజ నుంచి బారు దాకా సొంతంగా చేసుకునే చిన్న దుకాణాల్లో చాలావాటి వెనకగదిలో తిరుగుతున్నది మన రుబ్బురోలు వంశమే. 2023లో హైదరాబాదులో చైతన్య ముప్పాల తెరిచిన మనం చాక్లెట్ వాళ్ళు పశ్చిమ గోదావరి గింజతోనే బార్లు చేస్తున్నారు.

దీనికి వందేళ్ళ ముందే స్విట్జర్లాండులో ఇదే పని జరిగింది. 1879లో బెర్న్‌లో రొడాల్ఫ్ లింట్ రాతి తొట్టెలో రాతి రోలరును ముందుకూ వెనక్కూ నడిపే యంత్రం చేశాడు. తొట్టె శంఖం చిప్పలా ఉందని దాన్ని కాంచ్ అన్నారు. శుక్రవారం ఆపడం మరిచిపోయి సోమవారం వచ్చి చూస్తే చాక్లెట్ నున్నగా తయారై ఉందని కథ చెబుతారు. మతిమరుపు మీద ఇంత అందమైన కథ ఎవరో తీరిగ్గా అల్లి ఉంటారని నా అనుమానం. నాకు నచ్చింది మాత్రం ఆ ముందుకూ వెనక్కూ నడవడం. అది సన్నికల్లు! అసలు చాక్లెట్ పుట్టిన మధ్య అమెరికాలో ఆడవాళ్ళు వేల ఏళ్ళుగా మెతాతె అనే రాతి పలక ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కింద నిప్పు పెట్టుకుని గింజలు నూరేవారు. అదీ సన్నికల్లే. స్విస్సువాళ్ళు సన్నికల్లును యంత్రం చేశారు, కోయంబత్తూరువాళ్ళు రుబ్బురోలును చేశారు.

సెలవులయ్యాక మా చాక్లెట్ ముక్కలతో ఆ పిల్ల మళ్ళీ కప్‌కేకులు చేసింది. ఫ్రాస్టింగుకు ఈసారి మామూలు పంచదార వేయలేదు, కొట్లో దొరికే ఐసింగ్ షుగరు వాడింది. వెన్నలో నీళ్ళు ఆరో వంతు కూడా ఉండవు. అంత కొద్ది తడిలో పంచదార అంతా కరగదు, పలుకు ఎంత ఉంటే నాలుకకు అంత తగులుతుంది. ముక్కలు కేకు వేడికి ఎందుకు కారిపోలేదని ఇంకొకడు అడిగాడు. కొవ్వు కరిగింది, కానీ కోకో, పంచదార నలుసులు తడిమట్టిలా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి, ఎవరూ కలపలేదు గనక ఆకారం చెదరలేదు.

వెనక బెంచీలోంచి ఇంకో చెయ్యి లేచింది. "మాస్టారూ, రోలరును స్తూపంలా కాకుండా శంఖువులా చేసి, మొన డ్రమ్ము మధ్యకి పెడితేనండి? లోపల సన్నగా, బయట లావుగా ఉంటది కదండి. అప్పుడు జారదు కదండి?"

ఆయ్, జారదు. లోపల 19, బయట 50 అన్న లెక్కకు సరిగ్గా సరిపడేలా దొర్లుతుంది, పలుకు చితుకుతుందే గాని నలగదు. మరి బజారులో శంఖువు రాళ్ళ గ్రైండర్లు కూడా ఉన్నాయి, అవీ పిండి బ్రహ్మాండంగా రుబ్బుతున్నాయి. వాటి మొన సరిగ్గా మధ్యకే చూస్తుందా, పక్కకు తప్పి ఉంటుందా? పక్కింటివాళ్ళది అలాంటిదే. ఆదివారం స్కేలు పట్టుకుని వస్తానని చెప్పి ఉంచాను. గ్రైండరు ఇస్తారట, చాక్లెట్ మాత్రం అందులో వేయనని మా అమ్మ చేత హామీ ఇప్పించాలట.