పెళ్లి జోడా... పదిలంగా విమానమెక్కాలంటే!

ఆరు గజాల దుపట్టా. అంచుల పొడవునా జరీ పని. మధ్యలో చుక్కల్లా మెరిసే సితారాలు. పాతబస్తీలో వారాల తరబడి కూర్చుని కుట్టిన ఆ పెళ్లి జోడా చికాగోలోనో జెద్దాలోనో జరిగే నిఖాకు చేరాలి. మధ్యలో కన్వేయర్ బెల్టులు, సామాన్ల గుట్టలు, తనిఖీలు! దారిలో పని దెబ్బతింటే బాగుచేసే చేతులు మాత్రం ఇక్కడే ఉండిపోతాయి. అందుకే జోడా కుట్టించడం ఎంత ముఖ్యమో, సర్దడమూ అంతే ముఖ్యం.

ఫలక్‌నుమా వెళ్లే ఎంఎంటీఎస్ రైలెక్కితే దారిలో యాకుత్‌పురా స్టేషన్ వస్తుంది. ఈ చుట్టుపక్కల పాతబస్తీ గల్లీల్లో జర్దోజీ ఇంటింటి పని. చెక్క చట్రానికి గుడ్డను బిగించి, దాని చుట్టూ నేలమీద కూర్చుని కుడతారు. ఆ చట్రాన్నే కార్చోబ్ అంటారు. మనం మగ్గం వర్క్ అనేది దీన్నే. ఇక్కడ తయారయ్యేవాటిలో అన్నిటికన్నా ఘనమైనది ఖడా దుపట్టా. నిజాంల కాలం నుంచీ హైదరాబాదీ ముస్లిం పెళ్లికూతురి ముస్తాబు ఇది. కుర్తా, చోళీ, చుడీదార్... వాటిపైన ఆరు గజాల దుపట్టా!

యాకుత్‌పురాకు దగ్గర్లోనే పురానీ హవేలీ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల కోసం రెండంతస్తుల్లో కట్టించిన చెక్క అలమరాలను అక్కడి నిజాం మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు. ఆయన బట్టలకు అంత చోటు. మనకున్నది ఒక్క సూట్‌కేసు!

ఎందుకు పాడవుతుంది?

జర్దోజీలో వాడే సల్మా, డబ్కా చూడ్డానికి దారాల్లా ఉంటాయి. నిజానికవి స్ప్రింగులా చుట్టిన సన్నని లోహపు తీగలు. బరువు పడితే అణిగిపోతాయి. ఒకసారి అణిగితే మళ్లీ లేవవు. బద్లా అయితే చదునైన తీగ. మడత పడిన చోట విరుగుతుంది. కాబట్టి గాలి మొత్తం లాగేసే వ్యాక్యూమ్ సంచులు ఈ బట్టలకు శత్రువులే. పోనీ హ్యాంగరుకు తగిలిద్దామా? పని బరువుకు పల్చటి గుడ్డ భుజాల దగ్గర చిరిగిపోవచ్చు. తేమ తగిలినా, అత్తరు చల్లినా జరీ నల్లబడుతుంది. పెట్టెలో కలరా ఉండలు వేసే అలవాటునూ ఈసారికి మానుకోవాల్సిందే.

మడత కాదు, చుట్ట

పాత జరీ బట్టల్ని మ్యూజియాల్లో వీలైనంతవరకూ మడవరు. లావుపాటి గొట్టానికి చుట్టి ఉంచుతారు. ఇంట్లోనూ అదే చేయొచ్చు. బట్టల కొట్లో తానులు చుట్టే అట్టగొట్టం ఒకటి అడిగి తెచ్చుకోండి. సూట్‌కేసులో పట్టేలా కోసి, ఉతికి ఆరబెట్టిన మల్‌మల్ గుడ్డ చుట్టండి.

దుపట్టా వెడల్పు పెట్టెకన్నా ఎక్కువే ఉంటుంది. కాబట్టి పని తక్కువున్న చోట పొడవునా ఒక్క మడత వేయండి. కుట్టుపని బయటికి కనిపించేలా ఉండాలి. మడత లోపల మెత్తని గుడ్డను తాడులా చుట్టి పెడితే అక్కడ గీత పడదు. తర్వాత పైన మల్‌మల్ పరిచి, రెండూ కలిపి వదులుగా చుట్టాలి. పొర మీద పొర రుద్దుకోకుండా ఆ గుడ్డే కాపాడుతుంది. దినపత్రికలు మాత్రం వాడొద్దు. సిరా అంటుకుంటుంది.

కుర్తా చేతుల్లో, మెడ దగ్గర గుడ్డ ఉండలు కూరితే ఆకారం చెదరదు. గుండుసూదులు, పిన్నీసులు తీసేయాలి. అవి తుప్పు పడితే మరక పోదు. గట్టి పైకప్పున్న సూట్‌కేసు మేలు. జోడా అన్నిటికన్నా పైన ఉండాలి, పెట్టె కదిపితే లోపల కదలకూడదు. ఖాళీల్లో నూలు తువ్వాళ్లు కుక్కండి. అన్నట్టు... ఈ పెట్టెలో చెప్పులకూ, ఆవకాయ సీసాకూ చోటు లేదు!

గాజుల సంగతేంటి?

పెళ్లి జోడా అన్నాక లాడ్‌బజార్ గాజులు ఉండాల్సిందే. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. లక్క వేడికి మెత్తబడుతుంది. ఎండలో ఆగిన కారు డిక్కీలో పెడితే రాళ్లు ఊడిపోవచ్చు. శంషాబాద్ దాకా వాటిని మీ దగ్గరే ఉంచుకోండి. గుడ్డ చుట్టిన కర్రకు తొడిగి, డబ్బాలో కదలకుండా పెట్టి, చేతిసంచిలోనే తీసుకెళ్లండి. నగలు కూడా అంతే.

పోతే ఎంతిస్తారు?

చాలా విమానాల్లో ఎకానమీ ప్రయాణికుల చేతిసంచికి 7 కిలోల దాకానే అనుమతి. అందుకే ముందే తూకం వేసి చూడాలి. జోడా మొత్తం పట్టకపోతే దుపట్టానైనా వెంట ఉంచుకోవడం మంచిది. మిగతా బట్టలు మళ్లీ దొరకొచ్చు, ఆ పని దొరకదు.

అంతర్జాతీయ ప్రయాణంలో సామాను పోయినా, పాడైనా 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. భారత్ ఇందులో 2009లో చేరింది. 2024 డిసెంబరు 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి గరిష్ఠ పరిహారం 1,519 ఎస్‌డీఆర్‌లు. అంటే దాదాపు 2 వేల డాలర్లు. భారీ జోడా ఖరీదు అంతకన్నా ఎక్కువైతే? చెకిన్ సమయంలోనే విలువ ప్రకటించి, అడిగితే అదనపు రుసుము కట్టాలి. విడిగా బీమా ఉంటే మరీ మంచిది. సున్నితమైన వస్తువుల విషయంలో విమాన సంస్థలు పెట్టే షరతులు కూడా చదువుకోవాలి.

ఇవి మరవద్దు!

* కుట్టించిన చోటే అదే రకం సల్మా, సితారాలు, దారం కాస్త అడిగి పొట్లం కట్టించుకోండి. చిన్న మరమ్మతు వస్తే అక్కడి దర్జీకి పనికొస్తుంది.

* చుట్టకు టేపు అంటించొద్దు. నూలు నాడాతో ముడి వేయండి. ‘పెళ్లి దుస్తులు, నెమ్మదిగా విప్పి ఇలాగే చుట్టండి’ అని ఇంగ్లిషులో రాసిన కాగితం పైన పెడితే తనిఖీ సిబ్బందికి తెలుస్తుంది.

* అమెరికా వెళ్లేవారు టీఎస్ఏ ఆమోదించిన తాళం వేసుకుంటే, తనిఖీకి దాన్ని పగలగొట్టాల్సిన అవసరం రాదు.

* సర్దేముందు ఫొటోలు తీయండి. బిల్లు దగ్గరుంచుకోండి.

* పెట్టె దెబ్బతిన్నట్టు కనిపిస్తే విమానాశ్రయం దాటకముందే ఫిర్యాదు రాయించండి. నష్టం ఇంటికెళ్లాక తెలిస్తే 7 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలి. సామాను ఆలస్యంగా వస్తే, చేతికందాక 21 రోజుల గడువుంటుంది.

* చేరగానే చుట్ట విప్పి, శుభ్రమైన దుప్పటి మీద పరచండి. ముడతలు వాటంతటవే సర్దుకుంటాయి. జరీ పని మీద ఇస్త్రీ వద్దు, ఆవిరి వద్దు.

* పెళ్లికి రెండు మూడు రోజుల ముందైనా చేరేలా చూసుకోండి. ఏ కుట్టయినా ఊడితే సరిచేసుకునే వ్యవధి ఉంటుంది!