అవ్వ పొదిగించిన నెమలి పిల్లలు

మొన్న ఆగస్టులో ఈసీఈ రెండో సంవత్సరం తమ్ముడొకడు నా గదికొచ్చి, "అన్నా, మినీ ప్రాజెక్టుకి ఐడియా దొరికింది" అన్నాడు. ఒక ఆర్డుయినో బోర్డు, వేడికి బల్బు, తేమ కొలిచే సెన్సారు, గుడ్లు తిప్పడానికి చిన్న మోటారు. ఇంక్యుబేటర్ అన్నమాట. బాగానే ఉంది. గుడ్లు ఎక్కడివిరా అని అడిగితే, "మా చేలో నెమలి గుడ్లు పెట్టిందన్నా. ఐదున్నాయి. పొదిగించి మా పెరట్లోనే పెంచుకుంటాం" అన్నాడు. వాడి కళ్ళలో అప్పటికే నెమలి పురి విప్పేసింది.

వాణ్ణి కూర్చోబెట్టి రెండు గంటలు మాట్లాడాను. వాడు చేద్దామనుకున్న పని మా ఇంట్లో ఒకసారి జరిగింది.

మాది అనంతపురం వైపు ఒక పల్లె. నేను ఏడో తరగతిలో ఉండగా చెనక్కాయ చేలో కలుపు తీస్తుంటే ఒక నెమలి పెట్ట కాళ్ళ దగ్గర్నుంచి బుర్రుమని లేచిపోయింది. చూస్తే నేలమీద చిన్న గుంట, అందులో నాలుగు గుడ్లు. మా అవ్వ వాటిని కొంగులో కట్టుకొచ్చి, పొదుగుకొచ్చిన కోడిపెట్ట కింద పెట్టింది. కోడిగుడ్డుకి 21 రోజులు చాలు, నెమలి గుడ్డుకి దాదాపు 28 రోజులు కావాలి. అందుకే రెండు రకాలూ కలిపి పెడితే కోడిపిల్లలు బయటికి రాగానే తల్లి లేచిపోతుంది. అవ్వకి ఆ లెక్క ఎవరు చెప్పారో గానీ ఒక్క కోడిగుడ్డు కూడా కలపలేదు. మూడు పిల్లలయ్యాయి.

ఆ నెల రోజులూ నేను బడికి వెళ్ళి వచ్చానంటే వచ్చాను, అంతే. నూకలు వేస్తే కోడిపిల్లల్లా గబగబా ఏరుకోవు. తల్లి నెమలి ముక్కుతో అందిస్తే అందులోంచి తీసుకోవడం వాటి అలవాటు. మేం చేత్తో ముక్కు దగ్గర పెట్టేవాళ్ళం. పది రోజులకే గంప మీదికి ఎగిరి కూర్చునేవి. ఆరో వారంలో ఒకటి రెక్కలు వేలాడేసి మూల నిలబడింది. రెట్ట గంధకం రంగులో పచ్చగా పడింది. నాలుగు రోజుల్లో మూడూ పోయాయి. మా కోళ్ళకి మాత్రం ఏమీ కాలేదు. "దిష్టి తగిలిందిరా. అవి కొండవి, ఊరి సావాసం వాటికెందుకు" అంది అవ్వ.

దిష్టి కాదని నాకు ఇంజనీరింగు రెండో ఏడులో తెలిసింది. దాన్ని బ్లాక్‌హెడ్ అంటారు, అసలు పేరు హిస్టోమోనియాసిస్. కంటికి కనిపించని ఒక పరాన్నజీవి. కోళ్ళ పేగుల్లో ఉండే ఒక రకం నులిపురుగు గుడ్లలో దాక్కుని, రెట్టతో బయటికొచ్చి, మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతుంది. కోళ్ళు దాన్ని మోస్తాయి కానీ పెద్దగా జబ్బు పడవు. నెమలి, టర్కీ లాంటివి అదే మట్టిలో ముక్కు పెడితే పేగులూ కాలేయమూ దెబ్బతింటాయి, ముఖ్యంగా పిల్లలకి. అంటే మేం అతి ప్రేమగా పెట్టిన చోటే, ఆ కోళ్ళు తిరిగే పెరడే, వాటిని చంపింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరి నెమళ్ళని పెరట్లో పెంచేవాళ్ళే లేరా అంటే, ఉన్నారు. అమెరికాలో చాలాచోట్ల నెమలిని టర్కీ, గిన్నెకోడి లాగే పెంపుడు పక్షుల లెక్కలో చూస్తారు. ఊరి నిబంధనలు ఒప్పుకుంటే చాలు. టెక్సాస్‌లో మా పెదనాన్న కూతురు వాళ్ళకి ఊరి బయట ఎకరంన్నర స్థలం ఉంది. బావకి ఇదే పిచ్చి. ఒక మగది, రెండు పెట్టలు. వీడియో కాల్‌లో గంటసేపు చూపించాడు.

ముందు చోటు సంగతి. ఒక్కో పక్షికి కనీసం వంద చదరపు అడుగులు ఉండాలట. ఎనిమిది అడుగుల ఎత్తు, పైన కూడా జాలీ. వెడల్పు తక్కువైతే మగది పురి విప్పినప్పుడు ఈకలు జాలీకి కొట్టుకుని విరిగిపోతాయి. ఆ పింఛం దాదాపు ఐదడుగులు ఉంటుంది కదా. (అది తోక కాదు, తోక మీది ఈకలు. అసలు తోక వెనకాల పొట్టిగా, గోధుమరంగులో, పింఛాన్ని నిలబెట్టే ఆసరాలా ఉంటుంది. ఇంకొకటి, ఆ నీలం, ఆకుపచ్చ రంగు పూసింది కాదు. ఈకలోని అతి సన్నని కడ్డీల అమరిక వెలుతురుని విరిచి చూపించే రంగు. ఫోటానిక్ క్రిస్టల్ గురించి క్లాసులో విన్నవాళ్ళకి ఇది సరదాగా ఉంటుంది.) రాత్రి పడుకోవడానికి ఐదారు అడుగుల ఎత్తున వెడల్పాటి కర్ర కావాలి. చలి దేశంలో కాలివేళ్ళు గడ్డకట్టకుండా పొట్ట ఈకల కింద దాచుకోవాలంటే కర్ర సన్నగా ఉండకూడదు.

పిల్లలకి మొదటి వారం 35 డిగ్రీల వేడి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. మాంసకృత్తులు 28 శాతం దాకా ఉన్న దాణా పెట్టాలి. మా అవ్వ నూకలు ఎక్కడ, అదెక్కడ! నులిపురుగుల మందు ఏడాదికి కొన్నిసార్లు తప్పదు. కోళ్ళు తిరిగిన నేల మీద నెమళ్ళని వదలకూడదన్నది బావ మొట్టమొదట చెప్పిన మాట. కొత్తగా తెచ్చినవాటిని కొన్ని వారాలు గూట్లోనే ఉంచాలి, లేకపోతే ఎగిరిపోయి తిరిగి రావు.

కష్టాలు కూడా దాచలేదు. మగదానికి పూర్తి పింఛం రావడానికి మూడేళ్ళు పడుతుంది. అదీ ప్రతి ఏడాదీ జోడు కట్టే కాలం అయ్యాక రాలిపోతుంది. ఆ కాలంలో తెల్లవారుజామున దాని అరుపు వీధి చివరిదాకా వినిపిస్తుంది. కారు తలుపు మీద తన నీడే కనిపిస్తే ఇంకో మగదనుకుని పొడుస్తుంది. బావ కారుకి ఉన్న గీతలు చూసి మా అక్క తల కొట్టుకుంటోంది. బాగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. అంటే ఇవాళ మొదలుపెడితే మనకి పెళ్ళయి, పిల్లలు బడికెళ్ళేదాకా అన్నమాట.

మనకి ఇదంతా వర్తించదు. 1963లో నెమలి మన జాతీయ పక్షి అయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూలులో ఉంది, పులితో పాటు. పట్టుకోవడమే కాదు, గుడ్లనీ గూటినీ కదిలించడం కూడా ఆ చట్టంలో వేట కిందికే వస్తుంది. శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా. మా అవ్వ కొంగులో మూటకట్టింది ఎంత పెద్ద నేరమో ఆమెకి ఇప్పటికీ నేను చెప్పలేదు. రాలిన ఈకలు ఇంట్లో పెట్టుకోవచ్చు, దేశం దాటించకూడదు. ఎమ్మెస్‌కి వెళ్ళే అన్నలూ అక్కలూ, దేవుడి గదిలోది సూట్‌కేసులో సర్దకండి.

తమ్ముడు అంతా విని, "మరి కలుపు తీస్తే తల్లి వెళ్ళిపోతుంది కదన్నా?" అన్నాడు. మంచి ప్రశ్న. గూడు చుట్టూ నాలుగు గజాలు కలుపు తీయకుండా వదిలేసి, మాటిమాటికీ వెళ్ళి చూడకుండా ఉంటే చాలాసార్లు తిరిగొస్తుంది. ఆ నాలుగు గజాల చెనక్కాయ పోతుంది. అది రైతుకి నష్టమే, కాదనను. నెమళ్ళు మొలకలు పీకేసి, కాయలు తవ్వి తినే ఊళ్ళలో ఈ మాట చెప్పడం ఇంకా కష్టం. అయినా వాడు అక్కడే నా ముందే వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాడు. అవతలివైపు కాసేపు మాట లేదు. తర్వాత "సరేలే, ఆ పక్క వదిలేయమంటా" అన్నాడాయన.

ఇంక్యుబేటర్ మాత్రం ఆగలేదు. పన్నెండు నాటుకోడి గుడ్లు పెట్టాడు. మధ్యలో ఒక రాత్రి కరెంటు పోయి మూడు గంటలు దుప్పట్లు కప్పి కాపలా కాశాం. ఏడు పిల్లలయ్యాయి. వార్డెన్ గారికి చెప్పేలోపే ఊరికి పంపేశాం.

మా ఊళ్ళో ఇప్పుడు నెమళ్ళు వాటంతటవే వస్తున్నాయి. సాయంత్రం అవ్వ ఇంటి వెనక చింతచెట్టు మీద నాలుగైదు వాలతాయి. పొద్దున్నే దిగి కోళ్ళ మేత దగ్గరికి వస్తే అవ్వ చీపురు పట్టుకుని తరుముతుంది. నేనే చెప్పాను, కోళ్ళ దగ్గరికి రానీయొద్దని. ఎందుకని మాత్రం ఆమె అడగలేదు.