మూలన నక్కిన గినీపిగ్ మాట వినండి!

పిల్లలూ! మీ ఇంట్లో రెండు గినీపిగ్‌లున్నాయా? ఒకటి ఎప్పుడూ మూలన నక్కి ఉంటే "ఎంత బుద్ధిమంతురాలో!" అని మురిసిపోకండి. అది భయపడుతోందేమో! ఈ చిన్నిప్రాణులు బాధను తొందరగా పైకి కనబడనివ్వవు.

పళ్ళు టకటకలాడించడం, తోటిదాన్ని పదేపదే తరమడం, దాని వెంట్రుకలు కొరకడం, మేత దగ్గరికి రానివ్వకపోవడం... ఇవన్నీ ఒత్తిడికి గుర్తులే. గూళ్ళు, గిన్నెలు, నీళ్ళసీసాలు రెండేసి పెట్టండి. ప్రతి గూటికీ రెండు దారులుంటే తరిమినా తప్పించుకోగలదు. రక్తం వచ్చేలా కరిస్తే వెంటనే విడదీయండి.

వీటి పుట్టిల్లు చల్లని ఆండీస్ పర్వతాలు. మనమున్నదేమో 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన కువైట్! వేసవిలో ఏసీ కట్టేసి బయటికి వెళ్ళకండి. ఒక్కపూట మేత ముట్టకపోయినా పశువైద్యునికి చూపించండి.

హాయిగా ఉంటే గినీపిగ్‌లు పేలాల్లా ఎగిరి గంతులేస్తాయి. ఆ గంతులు రెండూ వేయాలి సుమా!