‘ఆహా’ మీట: ఉద్యోగులకు పాఠం చెప్పిన యంత్రం కథ

1960 దశకం తొలినాళ్లు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఒక తెర ముందు విద్యార్థి కూర్చున్నాడు. అతని చేతి కింద ఉన్నవి కొద్దిపాటి మీటలే. వాటిలో రెండింటి గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒకదాని పేరు ‘హెల్ప్’. ప్రశ్న కొరుకుడు పడకపోతే అది నొక్కాలి. యంత్రం అసలు పాఠాన్ని పక్కన పెట్టి, ఆ చిక్కు విప్పే చిన్న పాఠంలోకి తీసుకెళ్లేది. అది సగంలో ఉండగానే జవాబు చప్పున తట్టిందనుకోండి, మిగతా సగం చదవాల్సిన పని లేదు. రెండో మీట నొక్కితే చాలు, వదిలి వచ్చిన ప్రశ్న దగ్గరే తేలేవాడు. ఆ మీట పేరు ‘ఆహా’.

తెలుగులోకి తర్జుమా అక్కర్లేని మాట అది. అర్థమైన క్షణంలో మనిషి నోట వచ్చే ఆ శబ్దానికి ఒక మీట కేటాయించారంటే, ఆ యంత్రాన్ని కట్టినవాళ్లు చదువు గురించి ఎంత లోతుగా ఆలోచించారో తెలుస్తుంది.

ఇవాళ బ్యాంకు ఉద్యోగి, నర్సు, బడిపంతులు, సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఫోన్లోనో లాప్‌టాప్‌లోనో ఉద్యోగానికి కావలసిన నైపుణ్యాలు నేర్చుకుంటున్నారు. ఆ చదువు వంశవృక్షంలో మూలపురుషుడు ఈ యంత్రమే. ‘ప్రోగ్రామ్డ్ లాజిక్ ఫర్ ఆటోమేటిక్ టీచింగ్ ఆపరేషన్స్’ అన్న పొడుగాటి పేరులోని తొలి అక్షరాలు కలిపి దానికి ప్లేటో అని పేరు పెట్టారు.

పుట్టుక

1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఎగరేయగానే అమెరికాకు తన చదువుల మీద బెంగ పట్టుకుంది. పాఠం చెప్పే యంత్రాలు అప్పటికే లేకపోలేదు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో సిడ్నీ ప్రెస్సీ 1920లలోనే ప్రశ్నలడిగే పెట్టె ఒకటి చేశాడు. 1950లలో మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ మరో రకం చేశాడు. ఈ రెండూ ముందే అమర్చిన ప్రశ్నల వరుసను అడిగేవే గానీ, నేర్చుకునేవాడి తడబాటును బట్టి దారి మార్చగలిగేవి కావు.

ఆ పని కంప్యూటర్ చేయగలదా? ఇల్లినాయ్‌లో ప్రయోగశాల నడిపే డేనియల్ ఆల్పర్ట్ ఈ ప్రశ్నను ఇంజినీర్లు, గణితజ్ఞులు, విద్యావేత్తలు, మనస్తత్వవేత్తలు ఉన్న బృందం ముందు పెట్టాడు. తలో మాట చెప్పారు గానీ ఏకాభిప్రాయం కుదరలేదు. అప్పుడు డోనాల్డ్ బిట్జర్ అనే 26 ఏళ్ల ఎలక్ట్రికల్ ఇంజినీరు ఆ పని తలకెత్తుకున్నాడు. విశ్వవిద్యాలయంలో ఉన్న ఇలియాక్ కంప్యూటర్‌కు ఒక టీవీ తెరనూ, మీటల పెట్టెనూ తగిలించి 1960లోనే మొదటి ప్లేటోను నడిపించాడు. అది ఒకసారికి ఒక్కరికే పాఠం చెప్పేది. 1961 నాటి రెండో రూపం ఇద్దరికి చెప్పింది. మూడోది ఇరవై తెరల దాకా వెళ్లింది.

తెర మీది రోగి

ఈ యంత్రం పనిపాటల చదువులోకి రావడానికి ఎంతోకాలం పట్టలేదు. బిట్జర్ భార్య మేరీయాన్ నర్సు. 1960లలో ఆమె నర్సింగ్ విద్యార్థినుల కోసం ప్లేటో మీద పాఠాలు తయారుచేసింది. విషయం గుండెజబ్బు రోగి సంరక్షణ.

ఆమె పాఠం తీరు చూడండి. ఈ రోగికి ఇది చేయాలి, అది చేయకూడదు అని యంత్రం ముందుగా చెప్పదు. రోగి సమస్య తెర మీదికి వస్తుంది. ఏం తెలుసుకోవాలో, ఏం చేసి చూడాలో అమ్మాయే తేల్చుకోవాలి. అడిగినదానికి యంత్రం జవాబిస్తుంది, చేసినదానికి ఫలితం చూపిస్తుంది. తప్పు చేస్తే ఆ తప్పు ఎక్కడికి దారితీస్తుందో కళ్లారా చూసి, మళ్లీ మొదలుపెట్టవచ్చు. వార్డులో మంచం మీదున్న మనిషి విషయంలో ఆ వెసులుబాటు ఎవరికీ ఉండదు. పనిలో నైపుణ్యం నేర్పే ఆన్‌లైన్ చదువుకు ఉన్న అసలు బలమంతా ఇక్కడే ఉంది: ఎవరికీ హాని లేని చోట తప్పు చేయనివ్వడం.

పలక లాంటి తెర

విద్యార్థులు పెరిగేకొద్దీ ఒక పెద్ద అడ్డంకి ఎదురైంది. ఆనాటి టీవీ తెర మీద బొమ్మ నిలవాలంటే సెకనుకు ఎన్నోసార్లు దాన్ని మళ్లీ మళ్లీ గీస్తూ ఉండాలి, నీళ్ల మీద రాసినట్టు. అలా గీయడానికి ప్రతి బొమ్మనూ గుర్తుపెట్టుకునే మెమరీ కావాలి. ఆ రోజుల్లో మెమరీ బంగారమంత ఖరీదు. బిట్జర్‌కు కావలసింది రాసినది చెరిపేదాకా నిలిచే తెర, అంటే మన పలక లాంటిది.

1964లో బిట్జర్, సహచరుడు జీన్ స్లాటో, పరిశోధక విద్యార్థి రాబర్ట్ విల్సన్ కలిసి ఆ పలకను తయారుచేశారు. రెండు గాజు పలకల మధ్య సన్నని సందులో నియాన్ వాయువు నింపారు. ఒక పలక మీద అడ్డంగా, మరొకదాని మీద నిలువుగా సన్నని తీగలు. రెండు తీగలు ఎదురుపడే చోట తగినంత విద్యుత్తు ఇస్తే అక్కడి వాయువు నారింజ రంగులో వెలుగుతుంది. వెలిగిన చోట గాజు గోడకు కొంత విద్యుదావేశం అంటుకుని ఉండిపోతుంది. దాంతో ఆ తర్వాత చిన్న విద్యుత్తుతోనే ఆ చుక్క వెలుగుతూ ఉంటుంది. ఉయ్యాలకు మొదటి ఊపు గట్టిగా ఇవ్వాలి, తర్వాత వేలితో తోస్తే చాలు కదా, అలాగన్నమాట. ఇదే ప్లాస్మా తెర. తర్వాతి రోజుల్లో మన గోడలకెక్కిన ప్లాస్మా టీవీలకు పునాది పాఠం చెప్పే యంత్రం కోసం పడింది. ఆ ఆవిష్కరణకు 2002లో సాంకేతిక విభాగపు ఎమ్మీ పురస్కారం దక్కింది.

1972లో వచ్చిన నాలుగో ప్లేటోలో ఈ తెర మీద అడ్డంగా 512, నిలువుగా 512 చుక్కలు ఉండేవి. అంతే కాదు, తెర ముందు కంటికి కనబడని పరారుణ కిరణాల వల ఉండేది. వేలు పెడితే కిరణం తెగి, ఎక్కడ ముట్టారో యంత్రానికి తెలిసిపోయేది. స్మార్ట్‌ఫోన్లు రావడానికి దశాబ్దాల ముందే నేర్చుకునేవాడు తెరను ముట్టి జవాబు చెప్పాడు.

పక్కవారిని అడిగే చోటు

1967లో పాల్ టెన్‌జార్ ‘ట్యూటర్’ అనే కంప్యూటర్ భాషను రూపొందించాడు. ప్రోగ్రామింగ్ తెలియని ఉపాధ్యాయులు కూడా దానితో పాఠాలు రాసుకోగలిగారు. అక్షరదోషంతో రాసిన జవాబులోనూ విషయం సరిగ్గా ఉందో లేదో పోల్చుకునే సదుపాయం అందులో ఉండేది.

1973లో డేవిడ్ వూలీ అనే 17 ఏళ్ల కుర్రాడు ప్లేటోకు ఇంకొకటి చేర్చాడు. యంత్రంలో లోపాలను రాసే ఉమ్మడి ఫైలును ఎవరైనా చెరిపేయగలిగేవారు. ఆ ఇబ్బంది పోగొట్టడానికి అతను ‘నోట్స్’ రాశాడు. ఒకరు ప్రశ్న రాస్తే, దాని కిందే ఇంకొకరు జవాబు రాయవచ్చు. లోపాల పట్టికగా మొదలైనది చూస్తుండగానే రచ్చబండ అయింది. పాఠంలో చిక్కుకున్నవాడు ఎక్కడో వేరే ఊళ్లో ఉన్నవాడిని అడిగి తెలుసుకున్నాడు. విద్యార్థిగా ప్లేటో మీద పనిచేసిన రే ఓజీ ఈ స్ఫూర్తితోనే తర్వాత లోటస్ నోట్స్ అనే ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ను సృష్టించాడు. ఒక తరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు పొద్దున్నే ఆఫీసులో తెరిచిన కిటికీ అదే.

కంపెనీ చేతుల్లో

1970ల మధ్యకు ఒకే కంప్యూటర్ నుంచి సుమారు 150 చోట్లకు ప్లేటో పాఠాలు వెళ్లేవి. దీన్ని వ్యాపారంగా మలచాలని కంట్రోల్ డేటా కార్పొరేషన్ అధినేత విలియం నారిస్ ముందుకు వచ్చాడు. 1967లో మినియాపొలిస్‌లో అల్లర్లు జరిగాక, కంపెనీలు పేదవాడలకే వెళ్లి పని ఇవ్వాలని నమ్మి, అక్కడే ఫ్యాక్టరీ పెట్టినవాడు ఆయన. చదువు మధ్యలో ఆగిన నిరుద్యోగులకు ప్లేటో మీద ఉద్యోగ నైపుణ్యాలు నేర్పే ‘ఫెయిర్ బ్రేక్’ పథకాన్ని ఆయన కంపెనీయే నడిపింది. విమాన సంస్థలు పైలట్ల శిక్షణకు ప్లేటోను వాడుకున్నాయి. షేర్ బ్రోకర్ల లైసెన్సు పరీక్షలు కూడా దాని మీద జరిగాయి.

కానీ దాని ఖరీదే దాన్ని దెబ్బతీసింది. ఒక దశలో గంటకు 50 డాలర్లు వసూలు చేశారు. 1980లలో బల్ల మీద పట్టే సొంత కంప్యూటర్లు చవకగా వచ్చేసరికి పెద్ద యంత్రానికి కట్టిన తెరలను అడిగేవారు తగ్గారు. 2006లో చివరి ప్లేటో వ్యవస్థను ఆపేశారు. నారిస్ కన్నుమూసింది కూడా ఆ ఏడాదే.

టిక్కు పెట్టెలోకి

యంత్రం పోయినా పని ఆగలేదు. కంప్యూటర్ పాఠాలకు ఉమ్మడి కొలత ఉండాలని విమానయాన పరిశ్రమ 1988లో ఒక సంఘం పెట్టుకుంది. ఆ బాటలోనే అమెరికా రక్షణశాఖ ప్రోద్బలంతో 2000 సంవత్సరంలో ‘స్కార్మ్’ ప్రమాణం వచ్చింది. ఒక కంపెనీ చేసిన పాఠం ఇంకో కంపెనీ వ్యవస్థలో నడవాలి, ఎవరు పూర్తిచేశారో, ఎన్ని మార్కులో నమోదు కావాలి అన్నది దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. అయితే చాలా ఆఫీసుల్లో ‘పూర్తయింది’ అన్న టిక్కు ఒక్కటే మిగిలి, ‘హెల్ప్’, ‘ఆహా’ మీటలు ఉండాల్సిన చోట ‘నెక్స్ట్’ అనే బటన్ వచ్చి కూర్చుంది.

దాని ఫలితం నేను స్వయంగా చూశాను. నేను పనిచేసిన ఒక ఆఫీసులో అగ్నిప్రమాద భద్రత మీద ఆన్‌లైన్ కోర్సు తప్పనిసరి. అందరం ‘నెక్స్ట్’ నొక్కుతూ పోయాం, సర్టిఫికెట్లు వచ్చాయి. కొన్నాళ్లకు ఆవరణలో డ్రిల్ పెట్టారు. ఇనప రేకులో మంట వెలిగించి, మంటలార్పే సిలిండర్ నా చేతికిచ్చారు. బరువుగా ఉంది. పిడిని ఎంత నొక్కినా కదలదు. ముందు పిన్ను లాగాలన్న సంగతి కోర్సు రెండో పేజీలోనే ఉంది, కానీ నా చేతికి తెలియదు. పక్కనున్న సెక్యూరిటీ గార్డు నా చేతిలోంచి తీసుకుని, పిన్ను లాగి, గొట్టాన్ని మంట మొదలుకు గురిపెట్టి అటూ ఇటూ ఊపాడు. క్షణాల్లో మంట ఆరిపోయింది. అతను ఆ పని చేసి నేర్చుకున్నవాడు. నిజంగా మంట అంటుకుంటే ఆ రోజున మా అంతస్తులో ఎవరు ఉంటారోనన్న భయం నన్ను చాలాకాలం వదల్లేదు.

ఎందుకిలా అవుతుందో శాస్త్రం చెబుతోంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. ఒక జట్టు దాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో జట్టు ఒక విడత చదివి, ఆపై చూడకుండా మూడుసార్లు గుర్తుచేసుకుని రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి: 83 శాతం, 71 శాతం. వారం తర్వాత తారుమారైంది. చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంటే, గుర్తుచేసుకుంటూ సాధన చేసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. కోర్సు ముగిసిన వెంటనే పెట్టే క్విజ్ మనల్ని ఎలా మోసం చేస్తుందో ఈ అంకెల్లోనే ఉంది.

మన వంతు

2020 జులైలో, కోవిడ్ వేళ, ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమం ‘నిష్ఠ’ తొలిసారి ఆన్‌లైన్ అయినప్పుడు మొదట అందులో చేరింది ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది రిసోర్స్ పర్సన్లే. అదే ఏడాది ప్రభుత్వోద్యోగుల కోసం కేంద్రం ‘మిషన్ కర్మయోగి’ని ఆమోదించింది. ప్లేటో కలగన్న తెర ఇప్పుడు మన ఉద్యోగుల జేబుల్లో ఉంది, అదీ గంటకు 50 డాలర్లు కట్టే పని లేకుండా.

కాబట్టి కోర్సు తయారుచేయించే ప్రతి అధికారీ, ప్రతి యాజమాన్యమూ మూడు సంగతులు అడగాలి. ఈ పాఠం ఉద్యోగి చేత ఏదైనా చేయిస్తుందా? తప్పు చేస్తే ఎందుకు తప్పో చూపిస్తుందా? వారం తర్వాత మళ్లీ పలకరిస్తుందా? చేతితో చేయాల్సిన పనైతే తెర పాఠం తర్వాత ఆ వస్తువును చేతికివ్వాలి కూడా.

మేరీయాన్ దగ్గర చదువుకున్న అమ్మాయిలకు తెర మీది రోగి ఎన్నిసార్లయినా తప్పు చేయడానికి అవకాశమిచ్చాడు. ఆ అవకాశం తర్వాత వార్డులో వాళ్ల చేతుల్లో పడిన రోగులందరికీ రక్ష అయింది. ఉద్యోగి చదువుకు ఖర్చుపెట్టే ప్రతి రూపాయీ కొనాల్సింది ఆ రక్షనే.